దుప్పటి కింద మిషను

చీపురు నేను కూర్చున్న బట్టల మూట కింద ఉంది. అమ్మకి తెలుసు. అడగడం లేదు. మిషను ముందు స్టూలు మీద కూర్చుని, సగం కుట్టిన గౌను చేతిలో పట్టుకుని నేల వైపు చూస్తోంది. నేలంతా దారాలు, కత్తిరింపు ముక్కలు, సుద్ద పొడి. మంచం మీద ఆకుపచ్చ తాను విప్పి పరిచి ఉంది, ఒక కుర్చీలో కోసిన గౌను చేతుల దొంతర, ఇంకో కుర్చీలో మెడపట్టీల దొంతర, కిటికీ చువ్వకి టేపు, తలుపు వెనక కొక్కేలకి ఎవరెవరివో పొట్టి చెయ్యాల్సిన ప్యాంట్లు. ఇదంతా చూస్తున్న కొద్దీ అమ్మ వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఆ వేళ్ళకి ఏం కావాలో నాకు తెలుసు. ఊడవాలి, మడవాలి, దాచాలి. ఇంట్లోకి బయటి మనిషి వస్తున్నాడంటే అమ్మ వేళ్ళకి ఇంకో పని తెలియదు. ఇవ్వను. ఈ పూట చీపురు ఇవ్వను. బ్యాంకు మనిషి వచ్చి చూసి వెళ్ళేదాకా ఈ మూట మీంచి లేవను, నాలుక పిడచకట్టుకుపోయినా లేవను. నోట్లో నాలుక లేని పిల్ల అంటారు కదా నన్ను, ఉండనీ, కూర్చోడానికి నాలుకెందుకు.

మధ్యాహ్నంలోపు ఎప్పుడైనా వస్తాడట, పొద్దున్నే అమ్మ ఫోనుకి సందేశం వచ్చింది. వచ్చి, చుట్టూ చూసి, ఈ ఇంట్లో పని జరుగుతోందని ఆయన రాస్తే అమ్మకి క్రెడిట్ కార్డు వస్తుంది. కార్డొస్తే బజార్లో మిషన్ల కొట్టాయన ఓవర్‌లాక్ మిషను వాయిదాల మీద ఇస్తాడు, కార్డు లేనివాళ్ళకి వాయిదాల్లేవు, రొక్కమే అన్నాడు, అంటూ ఆ మిషను మీది దుమ్ము తుడిచి మరీ చూపించాడు. అది వస్తే ఆసుపత్రి గౌన్లు మావి. అంచులు ఓవర్‌లాక్ చెయ్యకపోతే ఆసుపత్రిలో ఉడకబెట్టి ఉతికినప్పుడు పోగులు పోగులుగా లేచిపోతాయట, అందుకని అక్కడి స్టోరు మేడం అమ్మ కుట్టిన నమూనా తిప్పి తిప్పి చూసి, కుట్టు బాగుంది, కానీ అంచుల కోసం ఇంకో కొట్టుకి పరిగెత్తేవాళ్ళకి పెద్ద ఆర్డరు ఇవ్వలేను, ఇప్పటికి ఈ ఒక్క తాను మొదలుపెట్టు, సొంత మిషను పెట్టుకో, సోమవారానికి చెప్పు అంది. సోమవారం దాటితే ఆర్డరు వేరేవాళ్ళకి. ఇందులో అర్థం కానిదేముంది? నాకు అర్థమైంది, అమ్మమ్మకి అర్థమైంది, మిషన్ల కొట్టాయనకి అర్థమైంది. బ్యాంకుకి తప్ప.

పోయినసారి వచ్చినప్పుడు కూడా ఇదే మనిషి. నల్ల సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలోంచి మెడ చాచి అటూ ఇటూ చూశాడు, అందుకే అమ్మమ్మ ఆయనకి తొంగిచూపులాయన అని పేరు పెట్టింది. ఆ రోజు ఆయన వస్తున్నాడని అమ్మ తెల్లారకముందే లేచింది. తానులన్నీ మంచం కిందకి, కోసిన ముక్కలన్నీ మూటల్లోకి, మూటలు స్నానాల గదిలోకి, ప్యాంట్లు బీరువాలోకి, సూదులూ బాబిన్లూ పాత డబ్బాలోకి, డబ్బా వంటింటి అటక మీదకి. నేల రెండుసార్లు తుడిచాం. నేను తడిగుడ్డ పిండుతుంటే అమ్మ మోకాళ్ళ మీద వంగి మిషను కాళ్ళ సందుల్లో చిక్కుకున్న దారాలు పిన్నీసుతో లాగింది. చివర్న మిషను మీద పూల దుప్పటి కప్పి, దాని మీద మంచినీళ్ళ జగ్గూ గ్లాసులూ పెట్టింది. ఎంత బాగుందో గది. ఎవరూ ఎప్పుడూ ఏ పనీ చెయ్యని గదిలా ఉంది. ఆయన వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, ఆ జగ్గులో నీళ్ళే తాగాడు, మిషను మీదున్న జగ్గులో నీళ్ళు తాగి, వ్యాపారం ఎక్కడ చేస్తారండీ అని అడిగాడు. అమ్మ లేచి నిలబడే ఉంది. ఇక్కడేనండీ, ఇంట్లోనే ఉంటాను, కుట్టుపని అంది, ఆ చివరి మాట దగ్గరికొచ్చేసరికి గొంతు ఎంత చిన్నదైపోయిందంటే పక్కనున్న నాకే సరిగా వినబడలేదు. ఆయన ఫోను తీసి గదికి ఫోటో కొట్టుకున్నాడు. నాలుగు గోడలు, ఒక మంచం, పూల దుప్పటి, జగ్గు. వారం తిరక్కుండా సందేశం. చిరునామాలో వ్యాపారం జరుగుతున్న ఆనవాళ్ళు లేవు కాబట్టి మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నాము. ఆనవాళ్ళు. ఆ మాట నేనే చదివి వినిపించాను అమ్మకి. ఏంటే ఆనవాళ్ళంటే అని అమ్మ అడగలేదు, తెలుసు, తల ఊపి మళ్ళీ మిషను మీదకి వంగింది, నా అరికాలి మంట నెత్తికెక్కింది, ఎవరి మీదో తెలియలేదు, ఆయన మీదా, ఆ మాట మీదా, వంగిన ఆ వీపు మీదా.

దాచడం మాకు ఇవాళ కొత్తగా వచ్చిన విద్య కాదు. పాత అద్దింట్లో నేర్చుకున్నాం. నేనప్పుడు ఊళ్ళో అమ్మమ్మ దగ్గరుండి బడికి వెళ్ళేదాన్ని, సెలవులకి అమ్మ దగ్గరికి వచ్చేదాన్ని. ఆ ఇంటి యజమాని గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కాపరానికి ఇచ్చాను గానీ కార్ఖానాకి కాదు, ఇంట్లో వ్యాపారం పెడితే అద్దె రెట్టింపు, కరెంటు రేటు వేరు అనేవాడు. అప్పట్నుంచీ గేటు కిర్రుమంటే చాలు, అమ్మ కాలు పెడల్ మీంచి లేచేది, చెయ్యి దుప్పటి మీదకి వెళ్ళేది, రెండో చెయ్యి ఒళ్ళో ముక్కల్ని దిండు కిందకి తోసేది, మెట్లెక్కే చెప్పుల చప్పుడు గుమ్మం చేరేలోపు అమ్మ ఉల్లిపాయ తరుగుతూ కనబడేది. నేను నవ్వేదాన్ని. అదో ఆట అనుకునేదాన్ని, నేనూ ముక్కలు దాచేదాన్ని, ఎవరు ముందు దాస్తారో పందెం అనుకునేదాన్ని. ఆ ఇల్లు వదిలేసి ఎన్నేళ్ళయింది, ఇక్కడి ఇంటావిడ తన జాకెట్లు కూడా అమ్మ చేతే కుట్టించుకుంటుంది, అయినా గేటు కిర్రుమంటే అమ్మ కాలు ఆగిపోతుంది. ఆ యజమాని ఎక్కడో హాయిగా కుర్చీలో కూర్చునే ఉంటాడు, ఆయన గేటు మాత్రం అమ్మ మోకాల్లో ఉండిపోయింది.

ఇప్పుడు కూడా. ఇప్పుడే గేటు చప్పుడైంది. అమ్మ లేచింది, గోడకున్న మేకు వైపు చెయ్యి చాచింది, ఆ మేకుకే పూల దుప్పటి తగిలించి ఉంటుంది, మేకు ఖాళీగా ఉంది. చెయ్యి అలాగే గాల్లో ఆగింది. నా వైపు చూసింది. నేను గౌను తాళ్ళు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను. వచ్చింది నీళ్ళ క్యాను మనిషి. క్యాను గుమ్మంలో దించి, ఏంటమ్మా ఇల్లంతా పచ్చగా ఉంది, గడ్డి మొలిచిందా అన్నాడు. మొలిచింది, మేస్తావా అంది గోడవారగా కూర్చున్న అమ్మమ్మ, కాజా కుడుతున్న చొక్కా మీంచి కళ్ళెత్తకుండా. ఆయన నవ్వుకుంటూ పోయాడు. అమ్మ నవ్వలేదు. కూర్చోనూ లేదు.

"ఇంత చెత్తలోకి మనిషిని ఎలా రమ్మంటామే? కనీసం గుమ్మం ముందైనా ఊడవనీ."

నేను మూట మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాను.

"ఇంత మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందే నీకు?"

"నీ దగ్గర్నుంచే, ఇంకెక్కణ్ణించి వస్తుంది" అంది అమ్మమ్మ.

చెత్తట. ఇది చెత్తట. ఈ చెత్తే నా కాలేజీ, ఈ చెత్తే అమ్మమ్మ కళ్ళజోడు, ఈ చెత్తే ఇంటద్దె, నాన్న స్కూటరు టైర్లు కూడా ఈ చెత్తలోంచే వచ్చాయి. నాకు అరవాలనిపించింది, అరవడం రాదు, నేను అరవాల్సినవన్నీ డైరీలో అరుస్తాను, డైరీ ఎంత అరిచినా పక్కింటికి కూడా వినబడదు. బ్యాంకులో కూడా అంతే. సందేశం వచ్చిన మర్నాడు అమ్మతో వెళ్ళాను, అద్దాల గదిలో కళ్ళజోడు మేడం మర్యాదగానే కూర్చోమంది, ఆ మర్యాదే నాకు ఎక్కువ మండింది, తిడితే తిరిగి ఏదైనా అనొచ్చు, మర్యాదకి ఏమంటాం. జీతం స్లిప్ ఉందా అంది. లేదండీ. పన్ను కట్టిన కాగితాలు? లేవండీ. మరి ఏం చేస్తుంటారు? ఇంట్లోనే ఉంటానండీ, కుట్టుపని చేస్తాను. మేడం వేళ్ళు టకటకా కొట్టాయి, తెర నాకు ఏటవాలుగా కనబడుతోంది, వృత్తి అన్నచోట గృహిణి అని పడింది. అమ్మ ఇంకా రెండో సగం చెబుతూనే ఉంది, మేడం మొదటి సగం దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళో బడిలో కూడా మా మాస్టారు అందరి అమ్మలకీ వరసగా అదే రాసేశారు, ఒక్కసారి పైన రాసి కింద దాకా చుక్కలు పెట్టుకుంటూ పోయారు, చేపలమ్మే ఆవిడ కూతురికీ చుక్కలే, ఇటుకలు మోసే ఆవిడ కూతురికీ చుక్కలే. నేను ఆ రోజు వేసుకున్న గౌను అమ్మ కుట్టిందే, కింద అంచు మూడంగుళాలు లోపలికి మడిచి కుట్టింది, నేను పెరిగే కొద్దీ విప్పుకోవచ్చని. ఆ అంచంతా విప్పడం అయిపోయింది, నేను ఇంత పొడుగయ్యాను, ఇంకా చుక్కలే.

మేడం అమ్మ ఖాతా చూసింది. డబ్బు బాగానే వస్తోందే అంది, ఆశ్చర్యంగా. జిప్పు మార్చినందుకు ఒకళ్ళు, నడుము వదులు చేసినందుకు ఒకళ్ళు, స్కూలు చొక్కాలకి ఒకళ్ళు, ఫోనులోంచి పంపిన చిన్న చిన్న మొత్తాలు, చీమల బారులా పేజీలకి పేజీలు. చూసి ఏమందంటే, ఇదంతా సరేనమ్మా, కానీ ఎవరెవరో పంపుతున్నారు కదా, ఒకే చోటి నుంచి నెలనెలా రావాలి, అప్పుడే మా సిస్టమ్ ఆదాయం అనుకుంటుంది. నా నోటిదాకా వచ్చింది. వందమంది వచ్చి ఇదిగో మా బట్టలు, నీ చేతిలో పెడుతున్నాం అని ఇచ్చేది ఆదాయం కాదా, ఒక్కడెవడో రేపు పొమ్మంటే పోవాల్సిన చోట ఇచ్చేదే ఆదాయమా? వందమందిలో ఒకళ్ళు పోతే తొంభై తొమ్మిది మంది ఉంటారు కదా మేడం, ఆ ఒక్కడు పొమ్మంటే ఎంతమంది ఉంటారు? నోటిదాకానే వచ్చింది. అక్కడే ఆగి, గుటకతో పాటు కిందకి దిగి, ఇంటికొచ్చాక డైరీలో పడింది. పైకి మాత్రం, మరి ఇంకోసారి మనిషిని పంపుతారా అన్నాను, అదీ బల్లతో అన్నట్టు అన్నాను. మేడం నా మాట వింది పాపం. పంపుతాను, కానీ ఈసారి కూడా ఏమీ కనబడకపోతే ఇంక నా చేతుల్లో ఉండదు అంది. లేకపోతే ఇంకో మార్గం ఉంది, ఈవిడ భర్తకి జీతం వస్తుంది కదా, ఆయన పేరు మీద పెట్టండి, ఇవాళే అయిపోతుంది.

ఇవాళే అయిపోతుందట. నాన్న గోడౌనులో కాపలా ఉద్యోగంలో చేరి ఒక ఎండాకాలం కూడా నిండలేదు. దానికి ముందు ఇంకోచోట, దానికి ముందు ఏ చోటూ లేదు. నెల తిరిగేసరికి జీతం స్లిప్ మాత్రం ఠంచనుగా ఫోనులోకి వస్తుంది, జీతం మాత్రం ఆయన స్కూటరూ, ఆయన సిగరెట్లూ, ఆయన స్నేహితులూ పంచుకోగా ఏమైనా మిగిలితే ఇంటికి వస్తుంది. ఆ నాన్నకి బ్యాంకువాళ్ళు తమంతట తామే ఫోను చేస్తారు. అన్నం తింటుంటే చేస్తారు, పడుకుంటే చేస్తారు, సార్ మీకు కార్డు రెడీగా ఉంది సార్ అంటారు, నాన్న ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, ఆలోచిస్తాను లెండి అంటాడు, పెద్ద మిల్లు యజమానిలాగా. ఆ అన్నం అమ్మ వండింది, అమ్మ కొన్నది. ఆ చొక్కా అమ్మ కుట్టింది. ఆ ఫోను వాయిదాలు కూడా అమ్మే కట్టింది. సార్ మాత్రం ఆయన. నాన్న చెడ్డవాడని కాదు, నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తాడు, జోకులేస్తాడు, కానీ నా కడుపు మండితే అవన్నీ గుర్తుకి రావు, వచ్చినా మంట తగ్గదు. పొద్దున వెళ్తూ వెళ్తూ కూడా గుమ్మంలో ఆగి అన్నాడు, ఎందుకే ఈ తంటాలన్నీ, నా పేరు మీద తీసేద్దాం, ఒక్క సంతకం. అమ్మ దారం కొరికి, సూదిలోకి ఎక్కించి, ముడేసి, అప్పుడు చెప్పింది.

"తొక్కేది నేను. పేరు కూడా నాదే ఉండనీ."

నాన్న స్కూటరు తీశాడు. ఎందుకు మాట్లాడలేదో మా ముగ్గురికీ తెలుసు. అమ్మ మొదటి మిషను రసీదు నాన్న పేరు మీద ఉండేది, మగవాళ్ళ పేరు మీదే రాయాలని కొట్టువాడు అన్నాడట, అమ్మ సరేనందట. డబ్బు అమ్మ గాజులమ్మినది. తర్వాత ఒకసారి నాన్న పని పోయి చేతిలో ఏమీ లేనప్పుడు, అమ్మ ఊరెళ్ళి వచ్చేసరికి మిషను ఉన్న చోట నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి నేల మీద. రసీదు నా పేరు మీదే ఉంది కదా అన్నాడట. అంతే అన్నాడట. అమ్మ ఆ నాలుగు గుర్తుల మధ్యనే కూర్చుని చేత్తో కుట్టింది, ఇంకో మిషను కొనుక్కునేదాకా చేత్తోనే కుట్టింది, ఈ మాట అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు, అమ్మమ్మ చెప్పింది, చెబుతూ పళ్ళు నూరింది. మేడంకి ఈ సంగతి ఎలా చెప్పాలి? మేడం సిస్టమ్‌లో దీనికి చోటు ఎక్కడుంది? భర్త పేరు, జీతం, టకటకా, అయిపోయింది.

ఎండ కిటికీలోంచి తాను మీదకి వచ్చింది. ఫ్యాను వెయ్యలేదు, వేస్తే కోసిన ముక్కలు ఎగురుతాయి. చెమట మెడ వెనక నుంచి జారుతోంది. ఇంకా రాలేదు. రాకపోతే? మధ్యలో ఇంకెక్కడికో వెళ్ళిపోయి, వెళ్ళాను, ఏమీ లేదు అని రాసేస్తే? అలా కూడా రాస్తారట, ఇంటావిడ చెప్పింది. రాస్తే సోమవారం స్టోరు మేడంకి ఏం చెబుతుంది అమ్మ, ఈ పచ్చ తానులో మిగిలింది తిరిగి చుట్టి ఇచ్చేసి వస్తుంది, తల ఊపుతుంది, వంగుతుంది, మళ్ళీ బజారు చివర ఓవర్‌లాక్ కొట్టు ముందు బట్టల సంచీతో నిలబడుతుంది, ఆ కొట్టువాడు మగ టైలర్ల పని అంతా అయ్యాక, టీ తాగాక, ఫోను చూసుకున్నాక, నీదేంటమ్మా అంటాడు. అక్కడ అమ్మ పక్కన నేనూ నిలబడ్డాను. ఎన్నిసార్లో. అమ్మ నిలబడటం నాకు ఇంక చూడబుద్ధి కావడం లేదు. ఆ కొట్టు ముందు నిలబడుతుంది, బ్యాంకులో నిలబడుతుంది, నాన్న స్నేహితులొస్తే నిలబడుతుంది, మొన్న తొంగిచూపులాయన మా కుర్చీలో కూర్చుని మా నీళ్ళు తాగుతుంటే నిలబడే ఉంది. అమ్మ కూర్చునేది మిషను ముందు ఒక్కచోటే. అక్కడ కూర్చుంటే అమ్మ వేరే మనిషి, భుజాలు కిందకి దిగుతాయి, మెడ నిలుస్తుంది, చెయ్యి బట్టని తోస్తున్నట్టే ఉండదు, బట్టే వచ్చి వెళ్తున్నట్టు ఉంటుంది. ఆ మనిషిని దుప్పటి కప్పేసి, దాని మీద జగ్గు పెట్టి, ఉల్లిపాయ తరిగే మనిషిని చూపించాం. చూసినవాడు ఉన్నదే రాశాడు. అందుకే ఇంకా మంట. పూర్తిగా వాడి మీద పోసేద్దామంటే కుదరని మంట.

"ఇవ్వవే చీపురు" అంది అమ్మ. మళ్ళీ స్టూలు మీద కూర్చుని కాలు పెడల్ మీద పెట్టింది, ఈసారి గొంతు గట్టిగా లేదు, బతిమాలుతున్నట్టుంది. "మనల్ని ఏమనుకుంటాడు?"

"పనివాళ్ళు అనుకుంటాడు" అన్నాను.

నేనే అన్నాను. బల్లతో కాదు, గోడతో కాదు, అమ్మ మొహంలోకి చూసి అన్నాను. అమ్మమ్మ సూది ఆగింది. అమ్మ నన్ను చూసింది, నేల వైపు చూసింది, ఆ ఖాళీ మేకు వైపు చూసింది. దుప్పటి ఎక్కడ పెట్టావే అని అడగబోయిందనుకుంటా, పెదవులు కదిలాయి, అంతలో గేటు కిర్రుమంది. ఈసారి బూట్ల చప్పుడు. మెట్ల మీద బూట్లు. అమ్మ కాలు పెడల్ మీంచి లేచింది, నేను చూశాను, మడమ లేచింది, మోకాలు లేచింది, లేవకు, లేవకమ్మా, లేస్తే ఇంక నేను ఈ మూట మీద ఎన్ని జన్మలు కూర్చున్నా లాభం లేదు. గుమ్మంలో నల్ల సంచీ కనబడింది. ఆయన మెడ చాచి లోపలికి చూశాడు, చూసి ఆగిపోయాడు, అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక కిందకి చూసుకున్నాడు, బూట్లు అటూ ఇటూ రుద్దుకున్నాడు. ఆయన కాళ్ళ కింద, నాలుగు మడతలు పెట్టి, గుమ్మం అవతల సరిగ్గా అడ్డంగా, పొద్దున నాన్న వెళ్ళాక నేను పరిచిన పూల దుప్పటి ఉంది.

అమ్మ దాన్ని చూసింది. బూట్ల కింద నలిగిన పూలని చాలాసేపు చూసినట్టనిపించింది, అంతసేపేమీ అయి ఉండదు. వ్యాపారం ఎక్కడండీ అనబోయాడో, నమస్తే అనబోయాడో, ఆయన నోరు తెరిచాడు. మడమ దిగింది. మిషను మొదలైంది. గౌను చెయ్యి సూది కిందకి వెళ్ళింది, అమ్మ భుజాలు కిందకి దిగాయి, మెడ నిలిచింది, ఆయన అన్నది ఏదైనా సరే ఆ చప్పుడులో కలిసిపోయింది.

"పనిలో ఉన్నానండీ" అంది అమ్మ, తలెత్తకుండా, గొంతు చిన్నది చేసుకోకుండా. "ఈ కుట్టు అయ్యేదాకా నిలబడండి. కింద సూదులుంటాయి."

ఆయన నిలబడ్డాడు. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, ఫోను చేతిలోకి తీసుకుని, పూల దుప్పటి మీద నిలబడ్డాడు. గౌను చెయ్యి పొడుగైనది. అమ్మ తొందరపడలేదు.